జేబెజ్ మూసిన గేటు

ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో ఆవులు కాసే ముసలి జేబెజ్, ఏ గేటు దాటినా గొళ్ళెం పెట్టి, రెండుసార్లు ఊపి చూసుకుని గానీ కదలడు. అరవై ఏళ్ళ అలవాటు. ఆ వేసవిలో లండన్ నుంచి వచ్చిన చిత్రకారుడొకడు పచ్చికబయలు బొమ్మ వేస్తూ, అందం కోసం బొమ్మలో గేటు బార్లా తెరిచిపెట్టాడు. జేబెజ్ రోజూ వెనక నిలబడి సణిగేవాడు: "మూసెయ్యండి దొరా, ఆవులు బార్లీ చేలో పడతాయి."

దొర నవ్వి కుంచె ఆడిస్తూనే ఉండేవాడు. నాలుగోనాడు ఆయన చెట్టుకింద రొట్టె తిని వచ్చేసరికి, ప్రదర్శనకు పోవలసిన ఆ బొమ్మలో గేటు మూసుకుపోయి, అయిదు లావుపాటి అడ్డకర్రలు మొలిచాయి. జేబెజ్ చేతిలో కుంచె.

"ఎంత పని చేశావు తాతా! మరి బొమ్మలో గేటు బయట ఉండిపోయిన ఈ ఎర్రావు సంగతేమిటి?"

జేబెజ్ వంగి, ఆవును తేరిపార చూసి, కుంచె తిరిగిచ్చేశాడు.

"అది మాది కాదు దొరా."