వనజక్క జీపు తొండం

దొరవారిసత్రం టీ కొట్లో ఆ కథ నేను రెండుసార్లు విన్నాను. పులికాట్ ఒడ్డున పాలెంలో ఒకామె తన జీపుకు ఏనుగు తొండం లాంటి పైపు పెట్టించిందంట. తుఫానుకు కట్ట మునిగితే జీపును నీళ్ళలోకి దించేసిందంట. బండి మొత్తం మునిగిపోయి, తొండం ఒక్కటే పైకి కనబడుతూ రోడ్డుకు చేరిందంట. రెండోసారి చెప్పినాయన నీళ్ళ అడుగు నుంచి హారన్ కూడా కొట్టించాడు. అందరూ నవ్వారు. నేను పక్క బల్ల మీదే కూర్చుని ఉన్నాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను.

ఆ ఒకామె పేరు వనజాక్షి. మా పక్కిల్లు. నేను వనజక్క అంటాను. మా పాలెంలో నలభై ఇళ్ళు, అందరిదీ చేపల వేటే. పెద్దరోడ్డుకు పోవాలంటే మైలున్నర మట్టికట్ట ఒక్కటే దారి. కట్ట నడుమ ఒక పల్లం ఉంది. వానాకాలంలో ముందు మునిగేది అదే.

జీపు కొన్నది ఆమె భర్త పెంచల్. పాతదే కానీ నాలుగు చక్రాలకూ పట్టు ఉన్న బండి. చేపల గంపలు రోడ్డుకు చేర్చడానికి కొన్నాడు. పెంచలన్న పడవలోనే పుట్టినట్టు పెరిగాడు. అల ఎదురైతే జోరు పెంచాలి, ముక్కు పైకి లేస్తుంది, అది పడవ లెక్క. మొదటి వానాకాలమే పల్లంలో జీపునూ అలాగే తోలాడు. జీపు ముక్కు లేవలేదు. నీళ్ళే అలలా లేచి బానెట్ మీద పడ్డాయి. ఇంజన్ నీళ్ళు తాగి ఆగిపోయింది. రెండు రోజులు బండి అక్కడే, చేపలూ అక్కడే. బాగు చేయించాక ఆయనకు మళ్ళీ దాని మీద మనసు పోలేదు. కృష్ణపట్నం పోర్టులో పనికి వెళ్ళిపోయాడు.

వనజక్క తానే నేర్చుకుంది. వేసవిలో సరస్సు వెనక్కి పోయి ఎండిన నేల బయటపడుతుంది. గుద్దుకోవడానికి చెట్టూ గోడా లేని చోటు. పెంచలన్న సెలవుకు వచ్చినప్పుడల్లా అక్కడ నేర్పించాడు. ఆయన లేనప్పుడు ఒక్కతే వెళ్ళి తిప్పుకునేది. ఇప్పటికి ఐదేళ్ళుగా పొద్దున గంపలు, తర్వాత మనుషులు.

ఆ మనుషుల్లో మా అవ్వ చెంచమ్మ ఒకరు. మంగళవారం, శుక్రవారం ఆమెకు నెల్లూరులో డయాలసిస్. తొమ్మిదో తరగతితో బడి ఆగిపోయాక తోడు వెళ్ళేది నేనే. అవ్వ మెడ దగ్గర గొట్టం పెట్టారు. అది తడిస్తే చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని నర్సమ్మ నాకు మూడుసార్లు చెప్పింది.

పోయిన ఏడాది వానలకు ముందు పెంచలన్న పొడవాటి అట్టపెట్టె తెచ్చాడు. అందులో నల్లటి పైపు. దాన్ని పెడితే ఇంజన్‌కు గాలి బండి కప్పు దగ్గర నుంచి అందుతుందంట. కింద ఎన్ని నీళ్ళున్నా తాగదంట. పెట్టాలంటే బానెట్ పక్క రేకుకు కన్నం చేయాలి. ఎక్కడ చేయాలో సుద్దతో గుండ్రంగా గీశాడు కూడా.

"ఇంక బానెట్ దాకా మునిగినా పోవచ్చు మే," అన్నాడు. ఆ పల్లం ముందు ఆయన తలెత్తి చాలా ఏళ్ళయింది. ముఖంలో వెలుగు చూసి నాకే సంతోషమైంది.

వనజక్క నన్ను పిలిచి వెనక సీట్లో కూర్చోమంది. వల తాడు తెచ్చి ఒక కొస ఆయన చేత బానెట్ అంచున పట్టించింది. రెండో కొస అదే ఎత్తులో వెనక్కి లాగింది. తాడు నా డొక్కలకు తగిలింది.

"నీళ్ళు ఇంతవరకు వస్తాయి. చెంచమ్మవ్వను ఇందులో కూర్చోబెట్టేదా?"

"అవ్వ ఒక్కతేనా? గంపలు లేవా?" అన్నాడు పెంచలన్న.

"గంపలు ఒక రోజు ఆగుతాయి."

ఊరికే భయపడుతున్నావని ఆయన అన్నాడు. రెండు రోజులు ఆ సుద్ద గీత అలాగే ఉంది. వనజక్క వాకిలి ఊడుస్తూ దాని ముందు ఆగిపోయేది. పైపు వద్దన్నాక రేపు ఏదైనా జరిగితే పాలెం మొత్తం ఆమెనే అంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

మూడో రోజు మా తాత మునెయ్య దగ్గరికి వచ్చి, పడవ నెట్టే వెదురు గెడ అడిగింది. దాన్ని జీపు పక్కన నిలబెట్టి, వెనక సీట్లోవాళ్ళు కాళ్ళు పెట్టుకునే రేకు ఎంత ఎత్తులో ఉందో అక్కడ పడవ రంగుతో ఎర్రగా గీత గీసింది.

"ఈ గీత దాటిన నీళ్ళలోకి నేను దిగను. గీత లోపలి నీళ్ళకు పైపు అక్కర్లేదు," అంది. సుద్ద గీతను కొంగుతో తుడిచేసింది.

పెంచలన్న పెట్టెను అటక మీదికి తోసి పోర్టుకు వెళ్ళిపోయాడు. వనజ జీపు పాదాలు తడవనీదంట అని పాలెంలో కొన్నాళ్ళు ఎగతాళి చేశారు.

డిసెంబరులో తుఫాను వచ్చింది. మంగళవారం పోలేకపోయాం. శుక్రవారానికి అవ్వ కాళ్ళూ ముఖమూ వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఇంకో రోజు ఆగితే ఆమె ఉండదని అందరికీ అర్థమైంది.

పొద్దున్నే బయలుదేరాం. ముందు తాత గెడతో నడుస్తున్నాడు, వెనక జీపు. పల్లం దగ్గర తాత గెడ పైకెత్తి చూపించాడు. తడి ఎర్ర గీత కంటే నాలుగు వేళ్ళు పైకి ఉంది. నాలుగు వేళ్ళే కదా, పోనీ అని కట్ట మీదికి వచ్చినవాళ్ళు అన్నారు. ఫోనులో పెంచలన్న, పైపు ఉండుంటే ఈపాటికి నెల్లూరులో ఉండేవాళ్ళు అన్నాడు.

"నాలుగు వేళ్ళయినా దాటిందే," అంది వనజక్క.

తిప్పడానికి చోటు లేదు. అంత దూరమూ వెనక్కే తోలింది, ఒక్క చక్రమూ కట్ట దిగకుండా. అవ్వ నా భుజం మీద ఆయాసపడుతోంది. నిజం చెప్పాలంటే, ఆ కాసేపు వనజక్క మీద నాకు కోపం వచ్చింది.

తాత ఇంటికి రాలేదు. కట్ట మీదే నిలబడి గాలి చూస్తున్నాడు. మా సరస్సు నీళ్ళు గాలి చెప్పినట్టు వింటాయి. ఈశాన్యం గాలికి మా ఒడ్డు మీదికి ఎక్కుతాయి, పడమటి గాలికి వెనక్కి పోతాయి. మధ్యాహ్నం గాలి తిరిగింది. గంటన్నరకు తాత మమ్మల్ని రమ్మని కేకేశాడు. గెడ మీద తడి ఎర్ర గీతకు ఒక వేలు కింద ఉంది.

వనజక్క ఇంజన్ ఫ్యాను నీళ్ళు చిమ్మకుండా దాని బెల్టు తీసేసింది. బండి ముక్కుకు టార్పాలిన్ కట్టింది. మొదటి గేరులో, ముందు తొడల లోతు నీళ్ళలో నడుస్తున్న డెబ్బై ఏళ్ళ తాత ఎంత నెమ్మదిగా పోతే అంత నెమ్మదిగా తోలింది. ఆపలేదు, జోరు పెంచలేదు. అల లేవలేదు. నేను అవ్వ పాదాల వైపే చూస్తూ కూర్చున్నాను. పొడిగానే ఉన్నాయి.

పల్లం దాటాక తాత అలసిపోయి ముందు మెట్టు మీదికి ఎక్కాడు. ఒక చేత్తో బండిని, ఇంకో చేత్తో అద్దం పక్కన నిలువుగా గెడను పట్టుకున్నాడు. జల్లు పడుతోంది. పెద్దరోడ్డు మీద పోలేక ఆగినవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు.

చీకటి పడేలోపు అవ్వను మిషను మీద పడుకోబెట్టారు. ఇప్పటికీ మంగళ, శుక్రవారాలు వెళ్తూనే ఉన్నాం.

పండక్కి వచ్చిన పెంచలన్న ఒక సిమెంటు స్తంభం తెచ్చి పల్లంలో పాతాడు. గెడను పక్కన పెట్టి కొలిచి, దాని మీదా అదే ఎత్తున ఎర్ర గీత గీశాడు. ఇప్పుడు ఆటోలవాళ్ళు కూడా దాన్ని చూశాకే దిగుతారు. దాన్ని వనజ గీత అంటారు.

టీ కొట్టువాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆ రోజు జీపుకు పైపు లేదు, ఈ రోజుకూ లేదు. అది అట్టపెట్టెలోనే అటక మీద ఉంది. వాళ్ళు చూసింది మా తాత గెడ.