ఘాటు అనుకున్న నొప్పి

నా చిన్నప్పుడు మిరప కల్లంలో దగ్గకుండా, తుమ్మకుండా పనిచేసే మనిషిని నేను చూడలేదు. గురజాల దగ్గర మా ఊళ్లో ఎండలు మొదలయ్యాయంటే చేల పక్కన నేలంతా ఎర్రగా కాయలు ఆరబోసేవాళ్లు. ఆ ఘాటుకు గొంతు మండేది, ఛాతీ మండేది, కళ్లల్లో నీళ్లు కారేవి. ఎవరైనా ఛాతీ రుద్దుకుంటే నవ్వేవాళ్లమే తప్ప ఎందుకని అడిగేవాళ్లం కాదు. ఆ నవ్వే మా కొంప ముంచింది.

నాకప్పుడు పదేళ్లుంటాయి. ఆ రోజు ఎండ మామూలు ఎండ కాదు, కల్లంలో కాలు పెడితే అరికాలు చుర్రుమంటోంది. మిట్టమధ్యాహ్నం పడమట మబ్బు కనిపించేసరికి మా పెదనాన్నకు కంగారు పుట్టింది. తడిస్తే కాయలు తెల్లబడి ఎందుకూ పనికిరావు. అన్నాలు తింటున్న కూలీలను లేపడం ఇష్టంలేక, ఒక్కడే ఆ ఎండలో కాయలను కుప్పకు లాగడం మొదలుపెట్టాడు. మబ్బు అటే పోయింది. ఆయన మాత్రం పందిరి కిందికి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

ఎడమ చెయ్యి లాగుతోంది, కాస్త నొక్కమన్నాడు. నొక్కాను. అంత ఎండలో ఆ చెయ్యి చల్లగా, తడిగా తగిలింది. నాకు భయం వేసింది. పెద్దమ్మను పిలవనా అంటే కసిరాడు.

"ఏందే నీ గోల? ఘాటు పట్టిందిలే. పోయి మజ్జిగ పట్రా."

మజ్జిగ తాగి, బండి నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నిద్రపట్టిందనుకుని, ఈగలు వాలకుండా విసనకర్రతో విసురుతూ పక్కనే కూర్చున్నాను. పెద్దమ్మ ఒకసారి అటుగా వస్తే, లేపొద్దని నోటిమీద వేలు పెట్టి సైగ చేసింది కూడా నేనే. చాలాసేపటికి ఆమె టీ తెచ్చి లేపబోయి కెవ్వుమంది. నేను విసిరినదాంట్లో ఎంతసేపు బతికున్న మనిషికి విసిరానో నాకు ఇప్పటికీ తెలియదు.

వచ్చిన డాక్టరు గుండెపోటన్నాడు. అంత వేడిలో చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుందని, గుండె మీద భారం పడుతుందని చెప్పాడు. ఆ ఏడుపుల్లో ఎవరూ వినలేదు. నేను విన్నాను. దినాలు అయ్యాక పెద్దమ్మ ఒళ్లో తలపెట్టి చెయ్యి సంగతి చెప్పేశాను. కొట్టినా బాగుండేది. ఆమె నా తల నిమిరింది.

"నువ్వు చెప్పినా నేనూ ఘాటేలే అనుకునేదాన్నమ్మా," అంది. "ఘాటు గొంతులో ఉంటది, చేతిలోకి దిగదు. ఇన్నేళ్లు కల్లంలో బతికి నాకూ తెలవలా. నువ్వు మాత్రం మర్చిపోమాక."

బతికున్నన్నాళ్లూ ఆమె ఆ మాట మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. తనూ ఘాటే అనుకునేదాన్నని ఆమె అన్నది నిజమో, నన్ను కాపాడటానికి అన్నదో తేల్చుకోలేకుండానే నేను ముసలిదాన్నయ్యాను.

ఇప్పటి ఎండలు అప్పటికంటే ముదిరాయి. పొద్దు నడినెత్తికి వచ్చాక మా కల్లంలో ఎవరినీ ఉండనివ్వను. చలికాలం తెల్లవారకముందే చేలకు నీళ్లు కట్టబోయే పెద్దవాళ్లనూ వదలను, చలికి కూడా గుండె పట్టేస్తుందని తర్వాత తెలుసుకున్నాను. ఎవరు ఛాతీ రుద్దుకున్నా వెళ్లి చెయ్యి పట్టుకుని చూస్తాను. నా కోడలు దీన్ని చాదస్తమంటుంది. అననీ.

నిరుడు కాయలు ఏరడానికి వచ్చినామె ఘాటు పట్టిందంటూ పక్కకు వచ్చి కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. వద్దంటున్నా వినకుండా, కల్లమంతా ఉలిక్కిపడేలా అరిచి ఆటో తెప్పించాను. గురజాలలో సూదిమందు వేసి, అంబులెన్సులో నరసరావుపేట పంపించారు. బతికింది. కొన్నాళ్లకు భర్తను వెంటబెట్టుకుని వచ్చి నా కాళ్లకు దండం పెట్టబోయింది. ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు.

వాళ్లు వెళ్లాక తలుపు వేసుకుని ఏడ్చాను, ఆమె బతికిన సంతోషంతో కాదు. అలా అరవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. పదేళ్ల పిల్లకైనా అంతే పట్టేది.