నంద్యాలలో ఓడ దించిన విధానం

1943 ఎండాకాలంలో నన్ను నంద్యాల కూలీల శిబిరానికి గుమాస్తాగా వేశారు. యుద్ధం రోజులు. రేవుల్లో ఓడల సరుకు దించడానికీ, పాత ఓడల సామాన్లు ఊడదీయడానికీ మనుషులు చాలక, మా కరువు ఊళ్ళ మీద పడ్డారు. రైలెక్కించే ముందు ఓడ మాటలు నేర్పి, పరీక్ష పెట్టి పంపాలి. మాకు సముద్రం ఎక్కడో ఉంది. మా కుందూ ఏట్లో ఆ నెలలో గేదె పొట్ట కూడా తడవదు.

అయినా ఓడ కట్టాను. ఎద్దులబండి మీద నిలబెట్టిన వెదురు బొంగు స్తంభం, నా రెండో పంచె తెరచాప, వెనక పలక చుక్కాని, మా ఇంటి ఓనరు రుబ్బురోలు లంగరు. అంతటి మహానౌకను ఏ సముద్రమూ మోసి ఉండదు. ఆ వారం ఓనరింట్లో దోసెలు బంద్.

పైఆఫీసు పట్టీ ప్రకారం వరుస ఇది: లంగరు, చుక్కాని, స్తంభం, మోకులు, తెరచాప తీసి, చివర సరుకు దించాలి. గోదాములో ఎవరో బరువునుబట్టి రాసుకున్న జాబితాను పనివరుస అనుకుని అచ్చేశారని తర్వాత తెలిసింది. కూలీలందరూ ఎక్కంలా వల్లించారు, ఆళ్ళగడ్డ బండివాడు ఓబులేసు తప్ప. ఎద్దుల్ని అమ్ముకుని వచ్చిన మనిషి. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

“పట్టీలో ఉండేది చెప్పేయప్పా, నీ సొమ్మేం పోతాది” అని బతిమాలాను.

పరీక్షకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందేం తీస్తావని అడిగారు.

“మూటలు, సారూ.”

“లంగరు కదా?”

“అది తీస్తే ఓడ ఆడ్నే నిలబడ్తాదా? మేం బండి దించేటప్పుడు చక్రాలకు రాయి అడ్డం పెడ్తాం. సరుకంతా దిగినాకనే రాయి తీసేది.”

“నువ్వెప్పుడైనా ఓడ చూశావా?”

“లేదు సారూ. మీరు చూసినారా?”

ఇన్‌స్పెక్టరు ఓబులేసు పేరు పక్కన ‘తప్పాడు’ అని రాశారు.

నెగ్గినవాళ్ళు రేవులో దిగి నేరుగా లంగరు మీద పడ్డారట. ఓడ కళాసీలకు పెద్దయిన సరంగు వాళ్ళ కాళ్ళకు అడ్డంపడితే గాని ఆగలేదట. నెల తిరక్కుండా కొత్త పట్టీ వచ్చింది: ముందు సరుకు, చివర లంగరు. ఓబులేసుకు మళ్ళీ పరీక్ష పెట్టమని రాశాను. తప్పినవాడికి రెండో పరీక్ష లేదని జవాబు. అదే కాగితం అడుగున, శిక్షకుడి ఖాళీకి పేరు పంపాలనీ, ఆ పోస్టుకు పరీక్ష అక్కర్లేదనీ ఉంది. తిరుగు టపాలో ఓబులేసు పేరు పంపాను. యుద్ధం ముగిసేదాకా అతను మా బండి మీదే ఓడ పని నేర్పాడు.

పరీక్ష తప్పిన సమర్థుడికి పని ఇప్పించాలంటే, పరీక్షే లేని పైఉద్యోగం వెతకాలని అప్పుడు నేర్చుకున్నాను. తర్వాతి సర్వీసులో ఆ పద్ధతి నాకు నాలుగైదుసార్లు అక్కరకొచ్చింది.