నా చుక్క ఉన్న కార్డు

ఒక మనిషి కుడిచెయ్యి నా వల్ల పాడైపోయింది. ఇన్నేళ్ళుగా ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. మా ఆవిడకు చెప్పలేదు. గుడిలో కళ్ళు మూసుకున్నప్పుడు కూడా దాటవేశాను, దేవుడికి తెలియనట్టు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా మీద జాలి మాత్రం పడకండి, ఆ చెయ్యి గురించి వినండి చాలు.

తొంభైల చివర. మౌంట్ రోడ్డు వెనక సందులో మా పెద్దన్నకు కంప్యూటర్ సామాన్ల కొట్టు ఉండేది. తొండియార్‌పేటలో తాతల నాటి నూనె వ్యాపారం వదిలేసి ఇందులో దిగాడు. అన్నకు మాటకన్నా ముందు చెయ్యి లేచేది. నేను, దావీదు ఆ కొట్టులో పనివాళ్ళం. నేను తమ్ముణ్ణి కాబట్టి తన్నులు తింటూ చేసేవాణ్ణి, దావీదు జీతానికి చేసేవాడు. వాడు తిరువొత్తియూరు నుంచి రైల్లో వచ్చేవాడు. ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టి తినేవాళ్ళం.

మా ఇద్దరికీ రోజూ ఒకటే గొడవ. కంప్యూటర్ ఆటలకు పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డులు అప్పుడే వస్తున్నాయి. అందులో చిప్పు చేసేది ఒకే కంపెనీ. దాన్ని కొనుక్కుని చుట్టూ బోర్డు కట్టి తమ పేరుతో అమ్మేవాళ్ళు పదిమంది. మా దగ్గర రెండు రకాలుండేవి. ఒకటి పేరున్నది, చిప్పు మీద ఫ్యాన్ తిరుగుతూ ఉండేది. రెండోది పేరులేనిది, చిన్న అల్యూమినియం బిళ్ళ తప్ప ఏమీ ఉండదు. నేను మొదటిదాని మనిషిని, దావీదు రెండోదాని మనిషి. "చిప్పు ఒకటే దా మచ్చా! పెట్టె మీద బొమ్మకా దుడ్డిచ్చేది?" అని మా పేటల అరవ యాసలో నన్ను ఏడిపించేవాడు. వచ్చిన ప్రతి కస్టమర్ ముందూ ఇదే తగువు. సందంతటికీ తెలుసు, ఆ చవక కార్డంటే దావీదుకు పిచ్చి అని.

అన్న పెట్టిన నియమం ఒకటుంది. కార్డును బల్ల మీద నడిపి చూసినవాడే పెట్టెలో పెట్టాలి, పెట్టేముందు దాని ఇనప పట్టీ మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టాలి. దావీదుది ఎరుపు. నాది గులాబి, వదిన దగ్గర అడుక్కున్న సీసా. రేపు కార్డు తిరిగొస్తే ఎవడి మెడ పట్టుకోవాలో అన్నకు తెలియాలి కదా.

సెల్వం అని ఒకడు తిరువొత్తియూరులో ఆటల సెంటర్ నడిపేవాడు. ఫ్యాన్ ఉన్న కార్డే కావాలని చెప్పి పోయాడు. అది ఆఖరిది. బల్ల మీద నడిపి చూసింది నేనే, గులాబి చుక్క పెట్టిందీ నేనే. తెర మీద నీళ్ళు కదిలాయి. అంతవరకూ నేను చూసిన ఆటల్లో నీళ్ళు నీలిరంగు పలకలా ఉండేవి, ఇందులో అలలు లేచాయి. నాకు కావాలనిపించింది. అంతే. ఇంతకన్నా మంచి కారణం ఏదైనా ఉందేమోనని నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదు. ఆశపడ్డాను, తీసుకున్నాను.

ఇంటికి పట్టుకుపోయాను. సెల్వానికి పోవాల్సిన దాని పెట్టెలో చవక కార్డు పెట్టాను. చెత్తబుట్టలో దొరికిన పాత ఫ్యాన్ ఒకటి దానికి ఫెవిక్విక్‌తో అతికించాను. ఆ కార్డు మీద అప్పటికే ఎరుపు చుక్క ఉంది. చూశానా? చూశాను. చెరపాలని తోచలేదా? తోచలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ రాస్తుంటే అది కూడా అబద్ధమే అనిపిస్తోంది.

తర్వాతి ఆదివారం దావీదు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నా మిషను మూత తీసి ఉంది. కార్డు చూశాడు, గులాబి చుక్క చూశాడు. "ఏమిరా, మీయన్న ఇచ్చినాడా?" అన్నాడు. అవునన్నాను. మా అన్న ఊరికే ఏదీ ఇవ్వడని వాడికి తెలుసు. నా ముఖంలోకి ఒకసారి చూసి, పప్పు అడిగి వేయించుకుని తిన్నాడు.

టవర్ క్యాబినెట్‌లో కార్డు బోర్లా ఉంటుంది, ఫ్యాన్ నేల వైపు. ఈ ముక్క ఆ సందులో టీ కొట్టువాడికి కూడా తెలుసు. నాకు ఆ తొందరలో గుర్తు రాలేదు. సెల్వం సెంటర్‌లో పోటీ జరుగుతుంటే వేడికి జిగురు వదిలింది, ఫ్యాన్ తిరుగుతూనే ఊడి మదర్‌బోర్డు మీద పడింది. పొగ వచ్చిందట. జనం నవ్వారట.

మర్నాడు మధ్యాహ్నం సెల్వం ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కౌంటర్ అద్దాన్ని మోచేత్తో పగలగొట్టి, కాలిన కార్డును అన్న ముఖాన కొట్టాడు. అన్న పెదవి చిట్లింది. నెత్తురు తుడుచుకుంటూ కార్డు తిప్పి చూశాడు. ఎరుపు చుక్క.

అన్న దావీదు చొక్కా పట్టుకుని గోడకు కొట్టాడు. "ఎవురు రా పెట్టింది? చెప్పు!" మళ్ళీ కొట్టాడు. దావీదు తల గోడకు తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ స్పష్టంగా వినిపిస్తుంది. వాడు అన్నను చూడలేదు, సెల్వాన్ని చూడలేదు. నన్ను చూశాడు.

"నువ్వు చెప్పు రా," అన్నాడు.

ఎంత నెమ్మదిగా అన్నాడో! వాడికి అంతా తెలుసు. వీడి ఇంట్లో వెతకండి, గులాబి చుక్క ఆడ ఉంటుంది అని ఒక్క మాట చాలు. ఆ మాట వాడు అనలేదు. నా చేత అనిపిద్దామనుకున్నాడు.

"వీడే అన్నా," అన్నాను. "ఆ కార్డు పిచ్చి వీడికే కదా."

ఇక నలుగురూ వాడి మీద పడ్డారు. బూట్లు, బెల్టు, విరిగిన కుర్చీ కాలు. నేను దూరంగా నిలబడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కదలకుండా ఉంటే నన్ను అనుమానిస్తారేమోనని భయం పట్టుకుంది. సెల్వం నా వైపు చూసినట్టనిపించింది. బల్ల మీద క్యాబినెట్ ఇనప తలుపు ఉంది, పలచటి రేకు. రెండు చేతులా ఎత్తి దావీదు మీద దించాను. వాడు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రేకు అంచు మణికట్టులో దిగింది. లాగి మళ్ళీ కొట్టాను. మళ్ళీ. మొదటి దెబ్బ భయంతో కొట్టాను. తర్వాతివి కోపంతో. వాడి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. ఎందుకు తెలుసా? వాడు నిజం చెప్పనందుకు. నన్ను చూడటం ఆపనందుకు. చివరికి నన్ను పట్టి లాగింది సెల్వం మనుషులే. కొట్టడానికి వచ్చినవాళ్ళు, నన్ను చూసి భయపడ్డారు.

వాడి మూడు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకోలేడు. పోలీసు దగ్గరికీ పోలేదు, మా గడపా తొక్కలేదు.

ఆ సాయంత్రం గులాబి చుక్క కార్డును రోట్లో వేసి పచ్చడిబండతో పొడి చేశాను. అన్న మాత్రం నన్ను మెచ్చుకున్నాడు. కౌంటర్ తాళాలు నా చేతికిచ్చాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చుట్టాలకు చెబుతుంటాడు, "ఆ పొద్దు మా తమ్ముడు దా పరువు నిలబెట్టినాడు" అని. నేను తల వంచుకుంటే వినయం అనుకుంటారు.

వాణ్ణి మళ్ళీ ఒక్కసారే చూశాను, మైలాపూరు స్టేషన్‌లో. ఎడంచేత్తో జేబులోంచి టికెట్ తీయడానికి ఒళ్ళంతా మెలితిప్పుకుంటున్నాడు. కుడి జేబది. పది అడుగులు వేస్తే తీసి ఇవ్వగలిగేవాణ్ణి. స్తంభం చాటుకు వెళ్ళాను. రైలొచ్చింది, వాడు ఎక్కాడు, నేను ఎక్కలేదు.

క్షమించమని రాయడం లేదు. క్షమించాల్సినవాడు మీరు కాదు, వాణ్ణి అడిగే ముఖం నాకు లేదు. రాస్తుంటే మాత్రం గుండె మీద ఏదో కాస్త జరిగినట్టుంది. దానికీ సిగ్గుగానే ఉంది.

నువ్వు చెప్పు రా, అన్నాడు. చెబుతున్నాను దావీదూ. పెట్టింది నేను.