మందుల బండిలో వచ్చిన గోడపత్రికలు

మొన్న రక్తపోటు మాత్రల కోసం చిక్కడపల్లి ఆరోగ్య కేంద్రానికి వెళ్తే, కౌంటరులో ఉన్న అమ్మాయి తల ఎత్తకుండానే స్టాకు లేదనీ, వచ్చే వారం కనుక్కోమనీ చెప్పింది. నాకు కోపం రాలేదు. అరవై తొమ్మిది ప్రాంతంలో అదే మాట, అలాగే తల వంచుకుని, నెలల తరబడి చెప్పినదాన్ని నేను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మా నాన్నగారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి అశోక్ నగర్‌లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నారు. నేను నర్సు శిక్షణ ముగించి చిక్కడపల్లి సందులోని చిన్న సర్కారు దవాఖానాలో చేరాను. ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరు, ఒక ఆయా, నేను, అంతే. జనం తమ సీసాలు తామే కడిగి తెచ్చుకుని ఎర్ర మిక్చరు పోయించుకునేవారు; మన తరం వాళ్లకు ఆ చేదు ఇంకా నాలుక మీదే ఉండి ఉంటుంది.

పక్క వాటాలో ఒక అక్క ఉండేది. ఈ ఊరి మనిషే. ఆమె భర్త నారాయణగూడలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. నా కోస్తా మాట విని నవ్వుతూనే, కూరగాయల వాళ్లతో బేరమాడటం నాకు నేర్పింది ఆమే. ఇంటివాళ్లకు తెలిస్తే ఖాళీ చేయమంటారని దగ్గును కొంగులో దాచుకునేది. నేనే పట్టుబట్టి దవాఖానాకు తీసుకెళ్లాను. క్షయ అన్నారు. రోజూ సూది మందు, దానికి తోడు మాత్రలు. తొమ్మిది వారాలు నా చేత్తోనే వేశాను. బుగ్గలు కాస్త నిండాయి, నీళ్లు పట్టేటప్పుడు మళ్లీ కూనిరాగం వినిపించసాగింది.

అంతలో ఏళ్ల తరబడి వానలు సరిగా లేక, ధరలు మండి, సర్కారు ఖర్చులు తగ్గించుకోవడం మొదలైంది. ముందు ఆయా ఉద్యోగం పోయింది. తర్వాత దూది తగ్గింది. ఆ పైన సూది మందు మేం అడిగినదాంట్లో సగమే వచ్చి, పిదప అదీ ఆగిపోయింది. డాక్టరుగారు పైవాళ్లకు ఉత్తరాలు రాశారు. మూడోదానికి, ఇకపై ఈ విషయమై రాయవద్దని జవాబు వచ్చింది. ఆ రోజు ఆయన భోజనం ముట్టలేదు.

మిగిలిన కాసిని సూది మందు సీసాలు ముందు చేరిన రోగులకే అని ఆయన నిర్ణయించారు. అక్క చివర చేరింది. “ఆవిడ మీ పక్కింటావిడని తెలుసమ్మా. అందుకే జాబితా నువ్వు రాయొద్దు, నేనే రాస్తాను,” అన్నారు మెల్లగా.

అయినా ఆమె రోజూ వచ్చి బల్ల మీద కూర్చునేది. ఒక పొద్దున మందుల బండి వస్తే అందరూ లేచి నిలబడ్డారు. తీరా చూస్తే అందులో గోడపత్రికల కట్టలు తప్ప ఏమీ లేవు. నేనూ కాంపౌండరూ వాటిని ముందు గోడకు అంటించాం.

“ఏం రాసిన్రు, చెల్లె?” అని అడిగింది అక్క, ఆమెకు చదువు రాదు.

క్షయకు భయపడవద్దనీ, ప్రభుత్వ దవాఖానాల్లో మందు ఉచితమనీ చదివి వినిపించాను.

“గిదేనా. మా ఆయనే కూర్చిండు, పోయిన వారం. సర్కారే అచ్చేయిస్తున్నదంటే మందు వస్తున్నట్టే అన్నడు. నిజమే గద?”

నేను నిజమేనన్నాను. ఆ మాట నమ్మి ఆమె మరో రెండు నెలలు ఆ బల్ల మీద కూర్చుంది. పెద్దాసుపత్రిలో మంచం ఖాళీ లేదన్నారు. చివరి వారం నడవలేక రాలేదు. ఒక మధ్యాహ్నం, నేను ఇంకెవరికో వచ్చే వారం రమ్మని చెబుతున్న వేళ, ఇంట్లో కన్నుమూసింది.

కర్మకాండ అయ్యాక ఆమె భర్త దవాఖానాకు వచ్చాడు. తిడతాడేమో, తిడితే బాగుండుననుకున్నాను. కాగితంలో చుట్టిన మాత్రలు నా ముందు పెట్టి, “మిగిలినయి, సిస్టరమ్మా. ఎవరికన్నా పనికొస్తయి,” అన్నాడు. ఆపై నెలలో సూది మందు వచ్చింది, అడిగినంతా.

ఇప్పుడు మా వీధి నిండా కోచింగ్ సెంటర్లూ, హాస్టళ్లూ. మా మేడ మీద గదిలో పరీక్షలకు చదువుకునే అమ్మాయికి నిరుడు అదే జబ్బు వచ్చింది. సూదులు లేవు, ఆరు నెలలు మాత్రలు మింగింది, తగ్గిపోయింది. ఉద్యోగం వచ్చిందని మొన్న మిఠాయి పట్టుకొచ్చి, జబ్బు సంగతి అడిగితే, “అదేముంది అమ్మమ్మా, ఎప్పుడో పోయింది,” అంది. ఆ పిల్లను దీవించి పంపి, తలుపు వేసుకున్నాను. అంత చిన్న జబ్బా అది!