ఎనిమిదో వాగు

మా బావ మొగిలి ఎసొంటోడని ఎవలన్న అడిగితే మొండోడని చెప్త. మొండోడు రాజు కన్న బలవంతుడంటరు గదా, గా రకం. నర్మెట్ట కాడ ఒక రిసార్టుల ఆయన డోలు కొడ్తడు, నేను వంటింట్ల గిన్నెలు తోముత. ఆయన నా మొగని అన్న. మేం కురుమోళ్ళం. మా ఇంట్ల మొగోళ్ళు తాతల కాన్నుంచి ఒగ్గుకథ చెప్పేటోళ్ళు.

రిసార్టంటే ఏందనుకున్నరు? ఒక దిక్కు నీళ్ళల్ల జారే పైపులు, అలలు లేపే కుంట. ఇంకో దిక్కు ఉత్తుత్త పల్లెటూరు. సిమెంటు గుడిసెలు, ప్లాస్టిక్ తాటిచెట్లు, నడవని ఎడ్లబండి. పట్నపోళ్ళు టికెట్ కొనుక్కొని వచ్చి ఆ బండెక్కి ఫోటోలు దిగుతరు. మా బావ రంగు రుమాలు చుట్టుకొని గేటు కాడ నిలవడి, ఎవలొచ్చినా రెండు దెబ్బలు కొట్టి దండం పెట్టాలె. తెల్లందాక కథ చెప్పి ఊరుకూరే ఏడ్పిచ్చిన మనిషి! ఇప్పుడు రెండు దెబ్బలు, ఒక దండం. మేనేజర్ యుగేందర్ జనగామ పిలగాడు, మంచోడే. "మొగిలన్నా, ఒక పాటన్న పాడరాదే" అంటే బావ "గొంతు పోయింది సారూ" అంటడు. అబద్ధం. గొంతు పోలే, వంత పోయింది.

వంత అంటే, ఒకడు కథ చెప్తాంటే ఎదురుంగ ఇంకొకడు నిలవడి అందుకోవాలె. అందరు "ఆహా" అంటరు. మా ఆయన మాత్రం "అటెనుకేమాయె అన్నా?" అనేటోడు. నూరుసార్లు ఇన్న కథను గూడ నిజంగ తెల్వనట్టే అడిగేటోడు. ఆ అడుగుడుకే జనం ముందటికి జరిగి కూసునేటోళ్ళు. ఆయనకు వంత నేర్పింది బావనే. మా మామ జల్ది పోతే, పదేండ్ల తమ్మున్ని భుజాల మీద కూసోబెట్టుకొని ఊరూరు తిరిగిండు. తిండి దొరికిన్నాడు తమ్మునికి పెట్టినంకనే తినేటోడంట. గా మాట మాత్రం అబద్ధం కాదు.

రెండేండ్ల కింద వానకాలం, టేకుమట్ల దిక్కు ఒకరింట్ల దినాలకు కథ చెప్పి అన్నదమ్ములిద్దరు వస్తాన్రు. రోడ్డు మీదికెల్లి వాగు పోతాంది. మా ఆయన "ఆగుదామే అన్నా" అన్నడట. "మోకాలులోతు నీళ్ళకు భయపడ్తవా, నడువ్" అన్నడట బావ. బావ ఆవలి ఒడ్డెక్కిండు. మా ఆయన ఎక్కలే. నెల దినాలు ఎతికినా పీనుగ దొరకలే, చెప్పు గూడ దొరకలే.

"శవం చూడంది సచ్చిండని ఎట్లంటరు? మతి దప్పి ఏ ఊర్లనో తిరుగుతాండు" అంటడు బావ. డోర్నకల్ స్టేషన్ల ఎవడో పిచ్చోడు పాటలు పాడుతాండని ఎవలో అంటే, తిండి గూడ తినకుంట రైలెక్కి పోయిండు. ఆ పిచ్చోనికి మా ఆయనకు పోలికే లేదు. అయినా రెండు దినాలు ఆని పక్కన కూసొని వచ్చిండు. ఇంటికి పెద్దోడు ఆయనే. దినాలు చెయ్యాలంటె ఆయన ఒప్పుకోవాలె. ఒప్పుకోడు. మా అత్త ఐలమ్మ ఏడ్చి ఏడ్చి మొన్న ఎండకాలం కన్ను మూసింది. నేను బొట్టు పెట్టుకుంటే ఊరోళ్ళు మూతి తిప్పుతరు, పెట్టుకోకుంటే బావ కొట్లాటకొస్తడు. మొగడున్నదాన్ని గాను, లేనిదాన్ని గాను. నాకేం కావాల్నో తెల్సా? ఒక్కనాడన్న కూసొని మనసుదీర ఏడ్వాలె. సావు కాని సావుకు ఎట్లేడుస్తరు? బావ మీద ఎంత కోపమంటే, అన్నం వడ్డిస్తాంటే గూడ గంటెను పళ్ళెం మీద కొట్టి వడ్డిస్త.

ఇదంత పోయిన శ్రావణం దాకటి ముచ్చట. ఆ శ్రావణంల ముసురు పట్టింది. మూడోనాడు మొగులుకు చిల్లి వడ్డట్టే కొట్టింది. పట్టపగలే చీకటి. అటొక వాగు, ఇటొక వాగు, రోడ్డు మునిగింది. నలభై మంది దాక గెస్టులు భోజనాల హాల్ల ఇరుక్కున్నరు. కరెంటు లేదు, జనరేటర్ల నీళ్ళు సొచ్చినయి, ఫోన్లు మూగవోయినయి. పొద్దుగాల సంబురంగనే ఉండె. పాటల పోటీ పెట్టుకున్నరు, పేకలాడిండ్రు, యుగేందర్ పిల్లలకు తంబోల ఆడిపిచ్చిండు. బువ్వలు తిన్నంక అన్ని ఆటలు ఒడిసినయి. పిల్లల ఏడుపు, పెద్దోళ్ళ కొట్లాట. రేకుల మీద వాన సప్పుడుకు ఒకరి మాట ఒకరికి ఇనరాలే. "మమ్మల్ని ఎట్ల బయటికి పంపిస్తవ్?" అని యుగేందర్ గల్ల పట్టినంత పని చేసిండ్రు.

హైదరాబాద్ నుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె ఉన్నది, పేరు గీతాంజలి. "గేటు దగ్గర డోలు కొట్టే పెద్దాయన కథలు చెప్తారట కదా, చెప్పించండి. పిల్లలు భయపడుతున్నారు" అన్నది. యుగేందర్ ఉరికొచ్చి బావ చేతులు పట్టుకుండు. "మొగిలన్నా, నీ కాల్మొక్త. ఒక్క గంట. ఏదో ఒకటి చెప్పు."

బావ వాన దిక్కు చూసుకుంట డోలు మెడకేసుకుండు. పెండ్లి కథనో పుట్టుక కథనో చెప్తడనుకున్న. నోరు తెరిస్తే ఏడు వాగుల కథ వచ్చింది. నేను గిన్నెలు ఇడిసిపెట్టి హాల్లకొచ్చిన.

ఏడు వాగుల కథ సచ్చిన ఇంట్ల తప్ప ఇంకెక్కడ ఎత్తరు. ఒక గొర్లకాపరి, తన తమ్ముడు సచ్చిపోతే, తమ్మున్ని ఎతుక్కుంట ఏడు వాగులు దాటుతడు. ఏడో వాగు కాడ పడవ నడిపే ముసలమ్మ, "ఎవలి కోసమొచ్చినవు? పేరు చెప్పు" అంటది. గప్పుడు కథ చెప్పేటోడు ఆ ఇంట్ల సచ్చినోని పేరు చెప్తడు. పేరు వడితే జీవుడు ఒడ్డెక్కినట్టు. కథ ఎత్తి సగంల ఇడిస్తే జీవుడు నీళ్ళల్లనే ఉంటడని మా ఇంటి మాట. గిన్ని తెల్సినోడు గా కథ ఎందుకు ఎత్తిండో! నాలిక తప్పిందో, ముసురు తప్పిచ్చిందో.

గెస్టులకేం ఎరుక? పిల్లలు దగ్గరికి జరిగిండ్రు. బావ మొదటి వాగు దాటిచ్చి, వంత కాడ అలవాటుగ ఆగిండు. ఎదురుంగ ఎవ్వలు లేరు.

"అటెనుకేమాయె అన్నా?"

హాలు పక్కకే నీలం రంగు జారుడు పైపు ఉంటది, మనిషి పట్టేంత లావు. గుట్ట మీదికెల్లి మెలికలు తిరుక్కుంట వచ్చి మా కిటికి కాడ నోరు తెరుస్తది. వాన నీళ్ళు దాంట్లకెల్లి కక్కినట్టు దుంకుతున్నయి. మాట ఆ నోట్లకెల్లి వచ్చింది.

బావ చేతిల కట్టె గాలిలనే ఆగింది. నా దిక్కు చూసిండు. నేను ఆయన దిక్కు చూసిన.

"అబ్బ, ఏం సెటప్ పెట్టిన్రు!" అన్నడొకాయన. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. యుగేందర్ మొకం తెల్లవడ్డది. "పైపుల ఎకో అక్కా, ఎకో" అన్నడు నాతోని మెల్లగ. ఎకో అయితే అన్న మాటనే మల్ల అనాలె గని, ఎదురు అడుగుతదా?

బావ కథ అందుకుండు. ఓరి దేవుడా, ఏం గొంతది! రెండేండ్లు మూత పెట్టిన గొంతు. రెండో వాగు, మూడో వాగు, నాలుగో వాగు. వాగు వాగుకు పైపుల నుంచి గదే అడుగుడు. నాకు భయమయిందా అంటే అయింది. చెప్తె సిగ్గు గని, సంతోషం గూడ అయింది. నా మొగని గొంతు ఇనక రెండేండ్లాయె. ఉండవట్టలేక పోయి పైపు నోట్లె తల పెట్టిన. అంత చీకటి. రోజూ బ్లీచింగ్ మందు కలిపిన నీళ్ళ వాసన కొట్టే పైపు, గానాడు వాగు బురద వాసన కొట్టింది.

ఏడో వాగు వచ్చింది. ముసలమ్మ అడిగింది, "ఎవలి కోసమొచ్చినవు? పేరు చెప్పు."

"గొర్లకాపరి పేరు మరిచిండు" అన్నడు బావ. "మల్ల నడిచిండు. ఎనిమిదో వాగొచ్చె."

ఎనిమిదో వాగేంది? మా మామ చెప్పింది ఏడు, ఆయన నాయిన చెప్పింది ఏడు. బావకు తెల్వదా? తెల్సే తెచ్చిండు. పేరు చెప్తె తమ్ముని గొంతు పోతది, చెప్పకుంటె ఉంటది. తొమ్మిదో వాగు, పదో వాగు. కొత్త అడవులు పెట్టిండు, కొత్త రాజులను పెట్టిండు. గెస్టులకేంది, కథ పెరిగితే మంచిదే. ఏడ్చే పిల్లలు గూడ నోరు తెరుచుకొని ఇంటున్నరు. యుగేందర్ ధైర్యం తెచ్చుకొని నాకు బొటనేలు చూపిచ్చిండు.

గని పైపుల గొంతు మారింది. పదో వాగు కాడ దగ్గింది. పదకొండో వాగు కాడ నీళ్ళు మింగినట్టు గుడగుడమన్నది. పన్నెండో వాగు కాడ అటెనుకేమాయె అని అడుగుడు బందైంది.

"ఇంకెంత దూరమే అన్నా?" అన్నది. "కాళ్ళు వస్తలేవు."

ఈసారి ఎవ్వలు చప్పట్లు కొట్టలే. ఒక చిన్నపిల్ల గీతాంజలి ఒళ్ళె మొకం దాసుకున్నది. బావ కండ్లల్ల నీళ్ళు కారుతనే ఉన్నయి. అయినా "పదమూడో వాగొచ్చె" అని ఎత్తిండు. నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది.

"బావా, ఇగ సాలు! ఆయన్ను ఇంకెన్ని వాగులల్ల నడిపిస్తవ్?"

"నువ్వూకో వసంతా. నీకు తెల్వది."

"నాకు తెల్వక ఎవలికి తెల్సు? చిన్న చినుకు వడ్తెనే ముసుగు తన్నేటోడు. చలికి తట్టుకోడు. పేరు చెప్పు."

"నా నోటితోని చెప్పలేనే. నేనే నడువుమన్న. ఆగుదామంటె ఇనకుంట నేనే నడువుమన్న."

పైపుల నుంచి మల్ల "అన్నా" అన్నది. ఎంత సన్నగ అన్నదంటే, వానల నాకే ఇనవడ్డదో ఏమో.

మా దిక్కు ఆడది మొగని పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతదంటరు. పదకొండేండ్ల సంసారంల నేను ఒక్కనాడు పలకలే. దవాఖానల కాయితం రాసేటప్పుడు గూడ పక్కనున్నోళ్ళతోని చెప్పిచ్చిన. ఇగ తరగనీకి ఏమున్నది? పైపు నోటి కాడ మోకాళ్ళ మీద కూసున్న. నీళ్ళు మొకానికి కొడ్తున్నయి.

"ఎల్లేశ్" అన్న. "కురుమ ఎల్లేశ్. ఐలమ్మ కొడుకు, మొగిలి తమ్ముడు, నా మొగడు. ఆయన కోసమొచ్చినం. జర ఒడ్డుకు దాటియ్యి అవ్వా."

చెవి పెట్టి చానసేపు ఇన్న. ఒట్టి నీళ్ళ సప్పుడు. బురద వాసన గూడ లేదు.

ఎనకకు తిరిగేసరికి బావ డోలు కింద పెట్టిండు. "సంపినవు గదనే" అన్నడు. "నా తమ్మున్ని సంపినవు గదనే వసంతా."

"నేను గాదు బావా. నువ్వు గూడ గాదు. వాగు సంపింది. రెండేండ్లాయె."

గప్పుడు ఏడ్చిండు మా బావ. నేల మీద కూలవడి, నెత్తి కొట్టుకుంట, "తమ్మీ, ఓ తమ్మీ" అని ఏడ్చిండు. నేను పోయి ఆయన పక్కన కూసున్న. నా గాజులు నేలకేసి కొట్టుకొని, గొంతు పగిలేటట్టు ఏడ్చిన.

హాల్ల ఎనక నుంచి ఎవలో చప్పట్లు మొదలు పెట్టిండ్రు. అందరు లేచి నిలవడి కొట్టిండ్రు. "వామ్మో, ఏం యాక్టింగు" అన్నరెవలో. గీతాంజలి ఒక్కతి కొట్టలే. చప్పట్లు ఆగినా మేమిద్దరం ఆగలే.