ఎదురింటి టీచరుగారి సైప్రస్

మా ఎదురింటి టీచరుగారు పోయారు. మొన్న శుక్రవారం పొద్దున్నే వాళ్ళమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "నిద్రలోనే పోయింది అక్కా, మాకెవరికీ తెలీనేలేదు" అంది. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇన్నేళ్ళూ నా భయాల్లో సగం ఆవిడే పడుతూ వచ్చారు మరి.

అబూ దాబీ ఎమిరేట్‌లోని అల్ ఐన్‌లో మా తలుపుకి సరిగ్గా ఎదురు తలుపు ఆవిడది. బందరు మనిషి. అరవై దాటినా అక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ చెప్పేవారు. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. అంత పిరికి మనిషిని నేను చూడలేదు. లిఫ్ట్ ఎక్కరు. ఆయాసపడుతూ మెట్లే ఎక్కుతారు. కాలింగ్ బెల్ మోగితే చేతిలో గరిటె జారిపోతుంది.

ఎందుకంత భయమో ఒకసారి కాఫీ కలుపుతూ చెప్పారు. పెళ్ళయిన కొత్తలో కువైట్‌లో ఉండగా ఇరాక్ సైన్యం వచ్చిపడింది. "పడుకున్నప్పుడు ఒక రాజు, లేచేసరికి ఇంకో రాజు అమ్మాయ్. త్వరలోనే తిరిగొస్తాం కదా అని కరివేపాకు కుండీకి నీళ్ళు పోసి మరీ బస్సెక్కాను." ఆ ఇంటిని మళ్ళీ చూడలేదావిడ.

అందుకేనేమో సైప్రస్ అంటే అంత పట్టు. భర్త ఉండగా ఒక్కసారి ఆ ద్వీపం చూసొచ్చారు. రాజులు మారడం తప్ప ఇంకో పని తెలియని ఊరు అనేవారు.

ఆ కథ నేను పూర్తిగా విన్నది 2020లో. మావారు దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో ఫ్యాక్టరీ ఇంజినీరు, వారానికోసారి వచ్చేవారు. కరోనా అని అబూ దాబీ సరిహద్దులు మూసేశారు. ఆయన అక్కడ, నేనూ ఏడేళ్ళ పాపా ఇక్కడ. కింద అంబులెన్స్ కూత వినబడితే, అది మా బిల్డింగ్ దాటి పోయేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

మధ్యాహ్నాలు ఆవిడ తమ గుమ్మంలో కుర్చీ వేసుకునేవారు. మేం మా గుమ్మంలో కూర్చునేవాళ్ళం. మధ్యలో వరండా.

"గ్రీకులొచ్చారు, పర్షియావాళ్ళొచ్చారు, రోమన్లొచ్చారు. తర్వాత ఒక ఇంగ్లీషు రాజు యుద్ధానికి పోతూ పోతూ దారిలో గెలుచుకుని, అమ్మేశాడు."

"దేశాన్నా?" పాప నోరు తెరిచింది.

"ఆఁ. మనుషులతో సహా. ఆఖరికి ఫ్రెంచి దొరల చేతికొచ్చింది. వాళ్ళ తర్వాత వెనిస్‌వాళ్ళు. టర్కీవాళ్ళొస్తారన్న భయంతో రాజధాని చుట్టూ పెద్ద గోడ కట్టారు. దానికి అడ్డమని ఊరి బయట ఇళ్ళన్నీ పడగొట్టారు. అయినా మూడేళ్ళలో టర్కీవాళ్ళు లోపలికి రానే వచ్చారు. పెద్ద చర్చికి మినార్ పెట్టి మసీదు చేశారు. వాళ్ళ తర్వాత బ్రిటిషువాళ్ళు. వాళ్ళూ పోయాక ఊరిని రెండు ముక్కలు చేశారు."

తర్వాత పాపకేసి వేలు చూపించి, "రాజుల పేర్లు పరీక్షకి చిట్టీ. రాజు మారిన పొద్దున ఆ వీధిలో రొట్టె ఎవరు కాల్చారో, అది అడుగు" అనేవారు.

ముక్కలైనప్పుడు జనం వదిలి పారిపోగా, ముళ్ళకంచె అవతల ఖాళీగా పడున్న పట్నాన్ని కూడా చూశారట. ఆ సంగతి ఎత్తగానే లేచి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఇంతలో నాకు జ్వరం వచ్చింది. పాజిటివ్ అన్నారు. నన్ను తీసుకెళ్ళడానికి బండి పంపుతున్నామన్నారు. మావారు ఫోన్‌లో "పాప? పాపనెవరు చూస్తారు?" అంటూ ఏడ్చేశారు. నేను వరండాకి ఇవతల నిలబడి టీచరుగారికి సంగతి చెప్పాను. ఆవిడ తలుపేసుకున్నారు. గడియ పడిన చప్పుడూ వినబడింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. మాస్కు మీద మాస్కు, తలకి తువ్వాలు.

"నాకు చచ్చేంత భయంగా ఉంది అమ్మాయ్. లేదని అబద్ధం ఆడలేను. పిల్లని పంపు."

"మీకు ఆయాసం. దానికీ అంటుకుని ఉంటే ఎలాగండీ?"

"అందుకే లోపలికెళ్ళి ఏడ్చొచ్చాను. ఇంక ఖలాస్, అయిపోయింది."

కింద నుంచి వాచ్‌మన్ "మేడమ్, గాడీ ఆగయీ, యల్లా" అని, బండొచ్చింది పదమని కేకేశాడు. పాప నాకేసి చూస్తూనే వరండా దాటింది. ఆవిడ దాని చెయ్యి పట్టుకున్నారు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు.

క్వారంటైన్ గదిలో కిటికీ కూడా తెరుచుకోదు. రోజూ వీడియో కాల్‌లో పాప "అమ్మా, ఇవాళ టర్కీవాళ్ళు వచ్చేశారు" అని చెప్పేది. ఒకరోజు దాని వెనక ఆవిడ దగ్గు వినబడింది. మర్నాడూ వినబడింది. ఎలా ఉన్నారని అడగకుండానే ఫోన్ పెట్టేసి దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అది పాత ఆయాసమేనని ఇంటికొచ్చాకే తెలిసింది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

సరిహద్దులు తెరిచాక మావారొచ్చారు. ఆ మరుసటేడు ఆవిడ కూతురి దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయారు. ఈమధ్య వరకూ ఫోన్‌లో మొదటి మాట "అందరూ ఇంట్లోనే ఉన్నారా?" అనే.

నన్ను క్వారంటైన్ నుంచి ఇంటికి పంపిన రోజే ఇప్పుడు పదేపదే గుర్తొస్తోంది. ఎండలో వచ్చి, నేరుగా వాళ్ళ తలుపు కొట్టాను. తియ్యలేదు. మళ్ళీ కొట్టాను. లోపల ఏదో బరువైనది కదిలింది. "ఆగమ్మా, సోఫా జరపాలి!" అని పాప అరిచింది. నేను లేనన్నాళ్ళూ ఆ సోఫాని తలుపుకి అడ్డం పెట్టుకునే ఉన్నారన్నమాట ఇద్దరూ. గచ్చు మీద దాని కాళ్ళు గీసుకుంటున్నాయి. మధ్యమధ్య ఆవిడ రొప్పుతున్నారు. "ఇంకొంచెం చిట్టీ, ఇంకొంచెం తొయ్యి" అంటున్నారు. నేను అరచెయ్యి తలుపుకి ఆనించి నిలబడ్డాను. వాళ్ళు తోసినప్పుడల్లా చెక్క అదురుతూ నా చేతికి తెలుస్తోంది.